వకుళ ఎక్కనన్న కారుతో చిక్కడపల్లికి

హైదరాబాద్ వెళ్ళొచ్చినవాళ్ళు చార్మినార్ చూశామంటారు, గోల్కొండ ఎక్కామంటారు. నేను చిక్కడపల్లిలో ఒక సందు చూశాను. ఆ సందులో ఒక రేకుల షెడ్డు, ఆ షెడ్డులో అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని నా కారు పొట్ట చూశాను. మా తెనాలిలో ఎవరికి చెప్పినా "అంత దూరం వెళ్ళి చూసొచ్చింది అదా?" అని నవ్వుతున్నారు. అదే. మీరెవరూ వెళ్ళి చూడబోరు కాబట్టి నేనే చెబుతున్నాను, వినండి.

ముందు కారు సంగతి. నాకు తెనాలిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్సుంది. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేస్తాం. ఇన్నేళ్ళ సంపాదనలో నాకోసం నేను చేసుకున్న ఒకే ఒక్క దుబారా ఈ కారు. ఇరవై ఏళ్ళు దాటిన ఎర్రటి బండి, రెండే తలుపులు, నేలకి బాగా దగ్గరగా ఉంటుంది. పరుగు కోసమే పుట్టిన జాతి. ఇప్పటికీ కాలు కాస్త గట్టిగా నొక్కితే ముందున్న లారీ వెనకున్న లారీ అయిపోతుంది. కంపెనీ పేరు చెప్పను. ఈ కథలో తప్పు వాళ్ళది కాదు.

నా పక్క సీటు వకుళది. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతుంది, బళ్ళో పలకలు పట్టుకున్ననాటి నుంచీ నా స్నేహితురాలు. ఏటా చలికాలం మేమిద్దరం మారేడుమిల్లి ఘాట్ రోడ్డెక్కి దిగి వస్తాం. నేను నడుపుతాను. తను మలుపులు చెబుతుంది, గుంతలు చెబుతుంది, పులిహోర పెడుతుంది, నేను పాడితే తిడుతుంది. మాకు అదే పండగ.

మొన్న వేసవిలో గుంటూరు నుంచి వస్తుంటే ఒక స్పీడు బ్రేకరు దగ్గర కారు "టక్" మంది. ఇంటికొచ్చి చూస్తే ముందు అద్దం పక్క స్తంభం మొదట్లో, తలుపు పై మూల దగ్గర, సన్నటి గీత. వేలితో తడిమితే గోరు దిగింది. గీత కాదు, పగులు. మా ఊరి వెల్డరు చేత దాని మీద మందపాటి ప్లేటు వేయించాను. నెల తిరక్కుండానే ఆ ప్లేటు అంచు వెంబడే కొత్త పగులు. వకుళ అది చూసి సీటు బెల్టు తీసేసి దిగిపోయింది.

"ఇది మధ్యకి విరిగే రోజున నేనందులో ఉండనే రత్నా. నువ్వూ ఉండకు" అంది.

ఎంత బతిమాలినా మళ్ళీ ఎక్కలేదు. ఒక్కదాన్నే ఘాట్‌కి వెళ్ళి ఏం చేసుకోను? వకుళ లేకపోతే ఆ కారు నాకు వట్టి రేకు డబ్బా. దాన్ని బాగుచేయించి తన చేత ఎక్కించాలి, అది కాని పని అయితే అమ్మి పారెయ్యాలి. ఇంతే నా యాత్ర ఉద్దేశం. ఎవరో చిక్కడపల్లిలో యాదగిరి అని ఒకాయన ఉన్నాడన్నారు, పాత పందెం కార్ల రేకు పని ఆయన చేతే చేయించుకోవాలన్నారు. వకుళ కూడా "నా కళ్ళతో చూస్తే గానీ నమ్మను" అని బయల్దేరింది. రైల్లో.

అవునండీ. నేను కారులో, తను రైల్లో. ఒకే రోజు, ఒకే ఊరి నుంచి ఒకే ఊరికి. నేను టీకి ఆగిన చోటల్లా తను ఫోను చేసి "ఉన్నావా?" అని అడిగేది. ఒకసారి "సగం ఉన్నాను" అన్నాను. ఠక్కున పెట్టేసింది.

నారాయణగూడ: తక్కువ చక్కెర

నారాయణగూడలో లాడ్జి తీసుకున్నాం. గదిలోంచి చూస్తే ఎదురుగా పైకప్పులన్నీ కోచింగు సెంటర్ల బోర్డులే. మా ఊళ్ళో సినిమా పోస్టర్ల మీద హీరోలుంటారు. ఇక్కడ పెద్ద పెద్ద బోర్డుల మీద సార్లుంటారు. చేతులు కట్టుకుని, కోపంగా చూస్తూ. ఒకాయన బోర్డు మా కిటికీలోకే చూస్తోంది. వకుళ పరదా లాగేసింది.

సాయంత్రం ఇరానీ హోటల్లో కూర్చున్నాం. పాలరాతి బల్ల, చిన్న కప్పులు, ఉప్పగా తియ్యగా ఉండే బిస్కెట్లు. మా దగ్గర టీ కొట్టువాణ్ణి "చక్కెర తక్కువ వెయ్యి నాయనా" అంటే వేస్తాడు, "అల్లం ఎక్కువ దంచు" అంటే దంచుతాడు. వకుళ అలవాటు చొప్పున ఇక్కడా చక్కెర తగ్గించమంది. టీ తెచ్చిన పెద్దాయన జాలిగా చూశాడు.

"అమ్మా, షక్కర్ పాలల్లనే ఉంటది. తక్కువ గావాల్నంటే చాయ్ తక్కువ తాగుర్రి" అన్నాడు.

కాలేజీలో ఎంతోమంది పిల్లల నోరు మూయించిన మనిషి, నోరు మూసుకుని తాగింది. రెండు కప్పులు తాగింది కూడా. కప్పు ఇరవై రూపాయలు, మా తెనాలిలో పన్నెండే. కానీ మా దగ్గర రెండు గుక్కలకే లే అంటారు. ఇక్కడ కూర్చున్నంతసేపూ ఎవరూ లేవమనరు, అదొక సుఖం.

చిక్కడపల్లి: గ్యాస్‌నూనె, సుద్దముక్క

యాదగిరి షెడ్డు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో ఉంది. మనిషికి నా వయసే ఉంటుంది. మీసం మెలితిప్పి, దానికి నూనె రాసి, వెల్డింగు కళ్ళద్దాలు నుదుటి మీద కిరీటంలా పెట్టుకుని ఎదురొచ్చాడు. బండిని చూడకముందే తన గురించి చెప్పుకోవడం మొదలుపెట్టాడు.

"నా చేతులకెళ్ళి పోయిన బండి మల్ల నా తాన్కి రాలే మేడమ్."

"భయపడేమో" అంది వకుళ.

ఆయనకి నవ్వొచ్చింది గానీ మీసం కింద దాచుకున్నాడు. కారు చుట్టూ తిరిగాడు. మా ఊరి ప్లేటుని వేలితో కొట్టి "గిదెవరు ఏసిండ్రు? దర్వాజకు గొళ్ళెం ఏసినట్టు ఏసిండు" అన్నాడు. తర్వాత ఒక డబ్బా తీశాడు. మేము కిరసనాయిలంటాం, ఆయన గ్యాస్‌నూనె అన్నాడు. ఈ రోజుల్లో ఎక్కడ దొరికిందంటే "దాసుకున్న" అన్నాడు, నగలు దాచుకున్నవాడిలా. అనుమానమున్న మూలలన్నిట్లో రంగు గీకి, ఆ నూనె పూసి, కాసేపాగి శుభ్రంగా తుడిచేశాడు. పైన సుద్దముక్క అరగదీసి పొడి చల్లాడు. సుద్దకి ఆ పేటలో కరువే లేదు.

ఇక చూడండి వింత. పగుల్లోకి దిగిన నూనె మెల్లగా పైకొచ్చి సుద్దపొడిని తడిపింది. తెల్లటి పొడి మీద నల్లటి గీతలు వాటంతటవే గీసుకున్నాయి. నాకు ఒక పగులే తెలుసు. అక్కడ నాలుగు తేలాయి. కుడివైపు ముందు స్తంభం మొదట్లో రెండు, ఎడమవైపు వెనక చక్రం పైన రెండు. మిగతా చోట్ల ఒక్కటీ లేదు. వకుళ నా చెయ్యి పట్టుకుంది గానీ కారుకి మాత్రం రెండడుగులు దూరం జరిగింది.

యాదగిరి చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు. "గీ బండి యాడనో గుద్దిచ్చిండ్రు. చెప్తలేరు."

నాకు ఒళ్ళు మండిపోయింది.

"గుద్దించడమా? నేనా? ఇన్నేళ్ళలో దీని పొట్ట ఒక్కసారి కూడా నేలకి తగల్లేదండీ! కిందకి దూరి చూసుకోండి, ఒక్క గీత ఉంటే నా పేరు మార్చుకుంటాను!"

"గుద్దకుంటే గిట్ల ఎదురుబొదురు మూలలు ఎట్ల పల్గుతయ్ మేడమ్?"

"అది చెప్పడానికే కదా మీ దగ్గరికొచ్చింది!"

అప్పుడే నేను అట్టముక్క మీద పడుకుని కారు కిందకి దూరింది. ఆయనా దూరాడు. ఇద్దరం వెల్లకిలా పడుకుని పోట్లాడుకున్నాం. పొట్ట మాత్రం అద్దంలా ఉంది. ఆయన ఒప్పుకోక తప్పలేదు. బరువేసి రోడ్డు మీద నడిపితే గానీ సంగతి తేలదన్నాడు. వెనక సీట్లో ముగ్గురు కావాలి. మధ్యాహ్నం రమ్మన్నాడు.

అశోక్‌నగర్: మెస్సులో పరిచయం

భోజనానికి నడుచుకుంటూ అశోక్‌నగర్ వెళ్ళాం. ఆ పేటలో నడిచేవాళ్ళంతా పెదవులు కదుపుతూ నడుస్తారు. మొదట ఏదో జపమనుకున్నాను. పరీక్ష పాఠాలట. జిరాక్సు షాపుల ముందు చాంతాడంత క్యూలు, ప్రతి మెట్టు మీదా ఒక మనిషి, ప్రతి మనిషి ఒళ్ళో ఒక పుస్తకం.

మెస్సులో భోజనం తొంభై రూపాయలు. అన్నం, పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. మేము చారు కాచుకుంటాం. వీళ్ళు కాచకుండా చింతపండు పులుసులో ఉల్లిపాయలు, నువ్వులపొడి పిసికి కలిపేస్తారు. ఎండాకాలంలో దాన్ని మించింది లేదని ఒప్పుకుంటున్నాను, మా అత్తగారికి చెప్పకండి. బల్లకి అటువైపు ఒకమ్మాయి కంచం పక్కన పుస్తకం తెరిచి, మూసుకుపోకుండా దాని మీద మజ్జిగ గ్లాసు పెట్టి తింటోంది. తలెత్తి మమ్మల్ని చూసింది.

"అక్కా, మీరు ఏ గ్రూప్‌కు ప్రిపేర్ అయితున్నరు?"

వకుళకి పొలమారింది. యాభై దాటిన ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"మేమా తల్లీ?"

"ఏజ్ లిమిట్ పెంచిండ్రు గదక్కా. ఇప్పుడు ఎవ్వలను అడిగినా తప్పు లేదు" అంది.

అమ్మాయి పేరు సుజాత. మహబూబాబాద్ దగ్గర పల్లె. నాలుగో ఏడు ఈ హాస్టల్లో ఉంటోంది. కారు సంగతి, వకుళ సంగతి మొత్తం పూసగుచ్చినట్టు చెప్పాను. బరువుకి మనుషులు కావాలంటే పుస్తకం టప్పున మూసేసింది.

"నేనొస్త. మా రూమ్మేట్లు ఇద్దరున్నరు, వాళ్ళను గూడ తెస్త. రూము, లైబ్రరీ, మెస్సు. కారెక్కక ఎన్నొద్దులాయెనో!"

ఉద్యోగాల కోసం ఎన్నో పరీక్షలు రాసిన పిల్లలు, కిలోల లెక్కన తీసుకునే పనికి మాత్రం అడగ్గానే ఎంపికయ్యారు. సుజాతే అన్నది ఈ మాట, నేను కాదు.

స్పీడు బ్రేకరు దగ్గర

రెండు తలుపుల కారు వెనక సీట్లోకి ముగ్గురమ్మాయిల్ని ఎక్కించడం చూడాల్సిన తతంగం. ముందు సీటు మడవాలి, ఒకరు తల దూర్చాలి, ఒకరు కాలు మర్చిపోవాలి. యాదగిరి నా పక్కన కూర్చుని చెవిని స్తంభానికి ఆనించాడు. వకుళ ఎక్కలేదు. ఫుట్‌పాత్ మీద హ్యాండ్‌బ్యాగు గుండెలకి హత్తుకుని నిలబడింది.

సందు చివర ఒక స్పీడు బ్రేకరుంది. ఎవరో సొంతంగా సిమెంటు పోసి కట్టుకున్నది, పడుకున్న దున్నపోతంత ఎత్తు. నేను దగ్గరికి రాగానే ఫుట్‌పాత్ మీంచి వకుళ గొంతు.

"ఏటవాలుగా! ఏటవాలుగా పోనివ్వవే!"

నా చేతులు వాటంతటవే తిరిగాయి. మాకది ఏళ్ళ అలవాటు. కారు కిందకి ఉంటుంది కదా, నేరుగా ఎక్కిస్తే పొట్ట గీరుకుంటుంది. అదే మూలగా ఎక్కిస్తే ఒక్కో చక్రం ఎక్కి ఒక్కో చక్రం దిగుతుంది, పొట్ట తగలదు. కారు కొన్న కొత్తల్లో వకుళ కాగితం మీద బొమ్మ గీసి, కోణం లెక్క కట్టి మరీ నాకు నేర్పింది. అందుకే ఇన్నేళ్ళూ పొట్ట అద్దంలా ఉంది.

టక్.

"ఆపుర్రి!" అని అరిచాడు యాదగిరి. "గిట్లెందుకు ఎక్కిస్తున్నరు?"

"అందరూ ఇలాగే ఎక్కిస్తారు కదండీ, కిందకుండే కార్లు!"

"మా ఊర్ల పెండ్లికొడుకు కార్లు గూడ గిట్లనే దాటుతయన్నా" అని వెనక నుంచి సుజాత వంత పాడింది.

"అందరు ఎక్కిస్తరు. గానీ మీ బండికి వయసైంది, గట్టి స్ప్రింగులున్నయ్. ఒక మూల పైకి లేస్తది, ఎదురుమూల కిందికి పోతది, నడుమల బాడీ మెలిక తిరుగుతది." భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులతో పిండి చూపించాడు. "గిట్ల. రోజు ఎన్నిసార్లు పిండిన్రో!"

వకుళ దగ్గరికొచ్చింది. కాలేజీ మొహం పెట్టింది.

"నా లెక్క తప్పు కాదండీ. కోణం మారితే ఎత్తు తగ్గుతుంది. రుజువు చెయ్యగలను."

"నీ లెక్క నాకెర్క లేదమ్మా. రేకు పల్గింది గదా!"

ఇద్దరూ గొంతులు పెంచారు. నేను జన్మంతా కాగితాలతో బతికినదాన్ని. కాగితాన్ని లాగితే చెప్పదు గానీ మెలితిప్పితే వెంటనే చెబుతుంది. సుజాతని అడిగి పాత కరెంటు అఫైర్స్ పత్రికలోంచి పల్చటి పేజీ చింపించాను. సన్నటి పట్టీ చేసి, ఒక కొస తలుపుకి, ఒక కొస స్తంభానికి, బిగువుగా జిగురుతో అంటించాను, బండి మెలిక తిరిగితే పట్టీ చిరగాలని. ఆరాక నేరుగా దాటించాను. కింద గర్‌ర్ మని గీరుకుంది, నా ప్రాణం పోయినంత పనైంది. పట్టీ మాత్రం చెక్కుచెదరలేదు. తర్వాత మూలగా దాటించాను. పట్టీ మధ్యకి చిరిగింది.

నలుగురూ చూశారు. వకుళ ఇంకా ఎక్కువసేపు చూసింది. చిరిగిన ముక్కని వేళ్ళతో పట్టుకుని ఆటో పిలిచి వెళ్ళిపోయింది.

సుల్తాన్ బజార్: బేరం చెయ్యని వకుళ

ఫోను చేస్తే సుల్తాన్ బజార్లో ఉన్నానంది. వెళ్ళి వెతికి పట్టుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. గాజులు, గిన్నెలు, లంగాలు, పిన్నీసులు, అన్నీ మనిషి మీదకే వచ్చే సందులవి. ఒక దుప్పట్ల కొట్టు ముందు నిలబడి ఉంది. కొట్టతను ఎనిమిది వందలన్నాడు, తను ఎనిమిది వందలూ ఇచ్చేసింది. కొట్టతనికే కంగారు పుట్టింది. "అమ్మా, జర తక్కువ అడుగుర్రి" అన్నాడు. బేరమాడని మనిషి అతనికి అపశకునంలా అనిపించిందేమో. నాకైతే అలాగే అనిపించింది. మా వకుళ కొత్తిమీర కట్ట దగ్గర కూడా ఊరుకునే రకం కాదు.

పక్కన మెట్ల మీద కూర్చోబెట్టాను.

"నేనే పగలగొట్టానే ఆ కారుని."

"నడిపింది నేను కదే."

"నేనరిస్తేనే కదా తిప్పావు. ఇన్నేళ్ళు నీ పక్కన కూర్చుని, నీ ప్రాణంలాంటి కారుని నా నోటితో పిండాను. మళ్ళీ నేనే వేలెత్తి చూపించి దిగిపోయాను."

నాకు ఏడుపొచ్చింది. పోనీలే అంటే వినదు. నీకోసమే కదే బాగుచేయిస్తున్నది, నువ్వు ఎక్కకపోతే ఎందుకది నాకు అన్నాను. తను తలూపింది గానీ ఒప్పుకోలేదు.

"బాగుచేయించు. కానీ ఆ సీట్లో నేనిక కూర్చోను. నా నోటి మీద నాకు నమ్మకం పోయింది."

మొదట కారంటే భయపడింది. ఇప్పుడు తనంటే తనకే భయం. పగులుకైతే వెల్డింగు ఉంది. దీనికేం చెయ్యాలో నాకు తోచలేదు.

మళ్ళీ చిక్కడపల్లి: అతుకు పని

పని జరిగినన్నాళ్ళూ నేను షెడ్డులోనే కూర్చున్నాను. ముందు అద్దం తీశారు, బ్యాటరీ తీగ విప్పారు. మా ఊరి ప్లేటు కోసేశారు. అది మరీ బండగా ఉండటంతో దాని కింద రేకు కదలక, అంచు దగ్గర భారమంతా పడి మళ్ళీ పగిలిందట. ప్రతి పగులు చివరా చిన్న చిల్లు వేశాడు యాదగిరి. చిల్లెందుకు, ఉన్నది చాలదా అన్నాను. పగులు కొస సూదిలా ఉంటే ముందుకు పాకుతుంది, గుండ్రటి చిల్లులో పడితే అక్కడే ఆగుతుందన్నాడు. ఆ తర్వాత పగులు వెంట గాడి తీసి, ఇక్కడ ఒక కుట్టు, చల్లారాక అక్కడ ఒక కుట్టు. తొందరపడి ఒకేసారి లాగితే వేడికి రేకు వంకరపోతుందట. ప్రతి కుట్టుకీ "చూసిన్రా, మఖ్మల్!" అని తనని తాను మెచ్చుకునేవాడు. లోపలి వైపు పల్చటి రేకు అతుకు, దాని మీద తుప్పు పట్టకుండా రంగు, ఆపైన మైనం పోశాడు. పగులు మీద లప్పం రాయించుకుని రంగేసుకుంటే కనపడదంతే, లోపల పాకుతూనే ఉంటుంది, అలాంటి పని ఎవరు చేస్తానన్నా ఒప్పుకోవద్దన్నాడు. తలుపుల అడుగున నీళ్ళు పోయే కన్నాలు మూసుకుపోయి ఉంటే పుల్లతో నేనే తీశాను. వాటిలోంచి మారేడుమిల్లి మట్టి రాలింది.

అసలు గొడవ ఎత్తు దగ్గర వచ్చింది. కవాడిగూడలో పాత సామాన్ల కొట్టుకెళ్ళి కాస్త మెత్తటి స్ప్రింగులు, కొత్త రబ్బరు బుష్షులు తెచ్చాం. అవి వేస్తే కారు రెండు వేళ్ళు పైకి లేచింది. నేను చూసి లబోదిబోమన్నాను. బురద దాటడానికి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నట్టుంది నా ఎర్ర కారు!

"అందం గావాల్నా, బండి గావాల్నా?" అన్నాడు యాదగిరి.

"రెండూ కావాలి!"

చివరికి ఒక వేలికి ఒప్పుకున్నాను. ఆ ఎత్తుకి పెద్ద బ్రేకర్లు నేరుగా దాటితే అప్పుడప్పుడూ గీరుకుంటుందన్నాడు. పొట్ట కింద విడిగా ఒక రేకు బిగించాడు. గీరుకోవడానికే అది. అరిగిపోతే మార్చుకోవచ్చట. నున్నటి పొట్టకి అలాంటి ముతక రేకు చుట్టడం చూసి నేను మొహం తిప్పుకున్నాను.

తిరుగు ప్రయాణం

బయల్దేరే రోజు వకుళ బ్యాగుతో సహా షెడ్డుకొచ్చింది. స్టేషనుకి వెళ్ళే ముందు ఒకసారి చూసి పోతానంది. సుజాత, రూమ్మేట్లు కూడా వచ్చారు. సర్వపిండి తెచ్చారు, గిన్నెకి అద్ది కాల్చిన బియ్యప్పిండి రొట్టె. అంచులు కరకరలాడుతూ, మధ్యలో పల్లీలు తగులుతూ ఎంత బాగుందో! మేము దిబ్బరొట్టె అని మురిసిపోతాం గానీ, దీని ముందు కాస్త ఆలోచించుకోవాల్సిందే.

మళ్ళీ కాగితం పట్టీ అంటించాను. మళ్ళీ ముగ్గురమ్మాయిలూ వెనక ఎక్కారు. నేరుగా దాటించాను, పట్టీ బాగుంది. యాదగిరి "ఒక్కసారి ఏటవాలు గూడ చూద్దాం, నా పని నాకు తెల్వాలె" అన్నాడు. మూలగా దాటించాను. టక్ లేదు. దిగి చూస్తే పట్టీ ముడత పడింది గానీ చిరగలేదు. యాదగిరి మీసం తడుముకున్నాడు. అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. నేను వకుళ వైపు చూశాను.

తను వచ్చి వంగి పట్టీని చూసింది. స్తంభం మొదలు తడిమింది. గోరు ఎక్కడా దిగలేదు. ఎడమవైపు తలుపు తెరిచి పట్టుకున్నాను. ఎక్కవే, ఎక్కవే అని మనసులో అనుకుంటున్నాను.

వకుళ నా పక్కనుంచి చుట్టూ తిరిగి కుడివైపుకి వెళ్ళింది. ఆ తలుపు తెరిచింది.

"తాళాలివ్వు" అంది.

"ఏంటీ?"

"ఎక్కుతాను. కానీ ఆ సీట్లో కాదని చెప్పానుగా."

తనకి లైసెన్సుంది, ఇంట్లో చిన్న కారుంది, దాన్ని పాలు తేవడానికి వెళ్ళినట్టు నడుపుతుంది. నా కారుని ఇంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వలేదు నేను. మా ఆయనకి కూడా ఇవ్వలేదు. అమ్మాయిలు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. సుజాత నెమ్మదిగా "ఇచ్చెయ్యక్కా" అంది. ఇచ్చేశాను.

ఎడమ సీట్లో కూర్చోవడం నాకదే మొదటిసారి. కాళ్ళు చాపితే కింద మ్యాట్ ఒకచోట అరిగి పలచబడి ఉంది. సరిగ్గా కుడి మడమ ఆనే చోట. ఎందుకలా అరిగిందో సందు దాటేలోపే తెలిసింది, ఎదురుగా ఆటో రాగానే నా కుడికాలు అదే చోట అచ్చంగా బ్రేకు తొక్కింది. ఏటా నా పక్కన పులిహోర పెడుతూ, నవ్వుతూ, వకుళ ఇలాగే తొక్కుతూ కూర్చుందన్నమాట. ఒక్కనాడూ నాతో అనలేదు.

నారాయణగూడ దాటి కాస్త ముందుకి పోగానే బడి ముందు పెద్ద స్పీడు బ్రేకరు. నేను పైన పిడిని రెండు చేతులతో పట్టుకున్నాను.

"వకుళా! తగుల్తుందే! కొంచెం మూలకి... కొంచెం..."

వకుళ స్టీరింగు కదపలేదు. నిదానంగా, నేరుగా ఎక్కించింది. కింద గర్‌ర్ మని చెవులు చిల్లులు పడేలా గీరుకుంది. నేను కెవ్వుమన్నాను. రోడ్డు మీద వాళ్ళంతా చూశారు.

"గీరుకుంటే గీరుకోనివ్వవే" అంది వకుళ, గేరు మారుస్తూ. "విరగదుగా."